కరీం సేటు ఆనుకున్న గోడ

ఇస్రాయేలుకు ఉలి పట్టడం ఎవరూ నేర్పలేదు. పన్నెండేళ్లప్పుడు వడ్ల అంజయ్య వడ్రంగి కొట్టం ముందు నిలబడి పని నేర్పమని అడిగితే, "మీ ఇంటోళ్లకు గీ పని రాదు రా," అన్నాడట అంజయ్య. కులం పేరెత్తలేదు. మా దిక్కు మర్యాదస్తులు ఎత్తరు.

తర్వాత హైదరాబాదులో, కంప్యూటర్‌లో గీసిన గీతను బట్టి చెక్క కోసే మిషన్ల మీద ఆరేళ్లు పనిచేశాడు. చివరికి ఒక పాత మిషన్ కొనుక్కుని కొల్లాపూర్ తిరిగొచ్చాడు. నువ్వు ఎవరి బిడ్డవని మిషన్ అడగదు.

అతని చేతికొచ్చిన మొదటి పూర్తి పని లాల్ బీ గాజుల దుకాణం. ఎనిమిదడుగుల వెడల్పు. భర్త కరీం సేటు చనిపోయిన ఏడాదికి, మూతబడ్డ దుకాణంలో తనే కూర్చోవాలనుకుంది ఆమె. అరలు, గల్లా బల్ల, వెనక గోడ పొడుగునా చెక్క పలక, అన్నీ ఇస్రాయేలే గీశాడు. అంజయ్య బజారులో నలుగురి ముందు నవ్వాడు.

"వంకర గోడ నీ మిషన్ మాట వింటదా? పలక ఎనక డొల్ల మోగితే నన్నే పిలుస్తవ్ లే, కొడుకా!"

ఆ రోజు నుంచి ఇస్రాయేలుకు ఒకటే పట్టుదల. పలక గోడలో గోడలా కూర్చోవాలి. అంజయ్యను పిలిచే గతి పట్టకూడదు.

అది పాత రాతి గోడ. ఏటా రంజానుకు సున్నం వేసేవారు, కంటికి చదునుగానే కనిపించేది. ఫోనుతో స్కాన్ చేస్తే మాత్రం తెర మీద ఒక గుంట తేలింది. పైన గుండ్రంగా, కింద వెడల్పుగా. మళ్లీ చేశాడు. అదే. చేత్తో తడిమితే వేలి మందం లోతు. ఎండాకాలంలోనూ అక్కడ గోడ చల్లగా ఉంది. పక్క దుకాణం నాదే, నేనూ వెళ్లి తడిమి చూశాను.

మరునాడు మిషన్ ఆ గోడకు అచ్చు సరిపోయేలా మందపాటి పలకను చెక్కింది. పొట్టు ఊడ్చేసరికి పలకకు గోడ వైపున మనిషి వీపు లేచి ఉంది. తల వెనక భాగం, భుజాలు. ఎడమ భుజం కాస్త దిగి ఉంది.

లాల్ బీ వచ్చి చూసింది. ఆ భుజం మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది.

"గిది ఆయనే. ముప్పై ఏండ్లు గాడనే ఆనుకున్నడు."

"గిది గుంటల కూసుంటే పలక కదలదు, ఖాలా. డొల్ల ఉండదు."

"గుంట నింపితే ఆయన ఏడ కూసుంటడు, బేటా?"

"ఖాలా, పోయినోళ్లు..."

"నా దుకాణం కొలువమన్న. ఆయన జాగా నిన్నెవరు కొలువమన్నరు?"

ఇస్రాయేలు సాయంత్రం దాకా ఆలోచించి, ఆ వీపును మిషన్‌తోనే చదును చేశాడు. ముందు నడుము పోయింది, తర్వాత భుజాలు, చివరికి తల. ఇక పలక బిగించాక దాని వెనక గుంట ఖాళీగానే ఉంటుంది. అంజయ్య తడితే దొరికిపోతాడు. తెలిసే చేశాడు.

శుక్రవారం దుకాణం తెరిచారు. అంజయ్య రానే వచ్చాడు. పలకను ఓ మూల నుంచి వేలి కణుపులతో తట్టుకుంటూ, గుంట ఉన్న చోట ఆగాడు. మూడుసార్లు తట్టాడు. చెవి ఆనించి మళ్లీ తట్టాడు. నాకు కూడా వినబడింది. డొల్ల మోత కాదు. రాతి మోతా కాదు. నిండు జొన్నల బస్తా మీద కొట్టినట్టు, మెత్తగా, నిండుగా.

అంజయ్య ముఖంలో నవ్వు పోయింది.

"గింత గట్టిగ ఎట్ల నింపినవ్ రా? ఓసారి నా కొట్టంకు రా. నాగ్గూడ జూపెట్టు."

పదిహేడేళ్లుగా ఇస్రాయేలు ఎదురుచూసిన పిలుపు అది. అతను ముఖం పాలిపోయి నిలబడ్డాడు.

"నేను నింపలే, పెద్దయ్యా."

"అబ్బో, మాకు చెప్తే పని ఎత్కపోతమని భయమా?" అన్నాడు అంజయ్య.

లాల్ బీ గల్లా ముందు నుంచి లేచి, తన స్టూలును అంజయ్య తట్టిన చోటుకు అడ్డు లేకుండా జానెడు పక్కకు జరుపుకుని కూర్చుంది.