వాసన లేని కొవ్వొత్తి

ఆస్పత్రి వెనక గదిలో మలేరియా క్రిములను బతికించి పెంచడం ఆమె పని. అక్కడ అందరికీ ఆమె కొవ్వొత్తుల అక్క. భర్తకు బజారులో దోమల మందు దుకాణం.

"నేను చంపుతుంటే నువ్వు పెంచుతావు, ఇదేం కాపురమే!" అంటాడాయన.

"నా క్రిములు పోతే నీ బేరమూ పోతుంది, నోరు మూసుకో" అంటుందామె.

సీసాలు కడగడానికి చేరి, చూసి, చేసి, చెడగొట్టి నేర్చుకున్న పని అది. ఈ క్రిమి ఎర్ర రక్తకణంలో దూరి, అందులోని ఎర్రదనాన్నే తింటుంది. తినగా మిగిలిన పిప్పిలో ఇనుము ఉంటుంది. అది ప్రాణవాయువుతో కలిస్తే క్రిమి పొట్టనే కాల్చేస్తుంది. అందుకే క్రిమి ఆ పిప్పిని నల్లటి రవ్వలుగా గడ్డకట్టించి ఓ మూల పడేస్తుంది. "ఇల్లు ఊడ్చి చెత్త మూట కట్టినట్టు" అని అక్క చెబుతుంది. ఆ మూట కట్టనివ్వని మందు పడితే క్రిమి పని సరి. పెంచేటప్పుడు మాత్రం ప్రాణవాయువు తక్కువున్న గాలి కావాలి. దానికో గ్యాసు సిలిండర్ ఉంది.

ఆ వారం వార్డులో ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు. మందులు మింగినా జ్వరం తిరగబెడుతోంది. అతని రక్తంలోని క్రిమిని పెంచి, దాని మీద వేరే మందులు వేసి చూస్తేగానీ ఏది ఇవ్వాలో తేలదు. సరిగ్గా అప్పుడే సిలిండర్ ఖాళీ అయింది.

"కొత్తది ఇప్పట్లో రాదట. ఏం చేద్దామక్కా?" అంది ఆ పరీక్ష చేసే డాక్టరమ్మ.

"గాజు జాడీలున్నాయిగా తల్లీ. సిలిండర్ రాకముందు వాటితోనేగా నెట్టుకొచ్చాం."

జాడీ మూతకు గాలి పోయే చిన్న కుళాయి ఉంటుంది. లోపల క్రిములున్న గిన్నెలు, పక్కన వెలిగించిన కొవ్వొత్తి పెట్టి మూత బిగిస్తారు. మంట ప్రాణవాయువును తినేస్తుంది. అది కొడిగట్టే క్షణంలో కుళాయి తిప్పి మూసెయ్యాలి. ఆ క్షణం అక్క చేతికి తెలుసు.

బీరువాలో ఒక్క కొవ్వొత్తి ముక్కే మిగిలింది. భర్తకు ఫోన్ చేసి, "కొవ్వొత్తులు పట్రా, మంచివి చూసి" అంది. ఆయన తెచ్చాడు. అన్నీ ఒకే చోట పెట్టే అలవాటు ఆమెకు లేదు. సగం గిన్నెలు పాత ముక్కతో ఒక జాడీలో, సగం కొత్త కొవ్వొత్తితో ఇంకో జాడీలో పెట్టింది.

మర్నాడు రెండో జాడీ మూత తీయగానే డాక్టరమ్మ ఆగిపోయింది. "అక్కా, గులాబీల వాసనేంటి?"

జలుబుతో ముక్కు దిబ్బడేసిన అక్కకు ఏ వాసనా తెలియలేదు. మైక్రోస్కోపులో చూస్తే క్రిములన్నీ ముడుచుకుపోయి నల్లటి చుక్కల్లా ఉన్నాయి. అక్క వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"మంచివన్నావుగా! కొట్లో అంతకన్నా మంచివి లేవు" అన్నాడాయన.

"ఆ సెంటు కొవ్వొత్తులు పెళ్ళివాళ్ళకు మంచివి, వాటి పొగ నా క్రిములకు విషం!" అని ఫోన్ పెట్టేసి, డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఆయన్నని లాభం లేదమ్మా. నా ముక్కు పనిచెయ్యనప్పుడు నీ ముక్కు అరువడగాల్సింది. మొదటి జాడీ చూద్దాం."

అందులో క్రిములు బతికే ఉన్నాయి. ఒక్కొక్క కణంలో సన్నని ఉంగరంలా, నిక్షేపంగా ఉన్నాయి.

"సగమే ఉన్నాయి. సరిపోతాయా?" అంది అక్క.

"సరిపెడదాం. వేసి చూసే మందులు తగ్గిస్తాను, పరీక్ష మాత్రం తగ్గించను" అంటూ డాక్టరమ్మ అప్పటికే గిన్నెలు సర్దేస్తోంది.

భర్త పరుగున మామూలు తెల్ల కొవ్వొత్తులు తెచ్చాడు. అక్క ముందు డాక్టరమ్మకు వాసన చూపించి, తర్వాతే వెలిగించింది. మంట తల వాల్చింది. కుళాయి తిరిగింది.

పరీక్ష ముగిసేసరికి ఒక గిన్నెలో క్రిములు చచ్చిపడి ఉన్నాయి. వాటి పొట్టలో నల్ల రవ్వ జాడే లేదు. తమ పిప్పికి తామే కాలిపోయాయి. ఆ మందే మేస్త్రీకి ఇచ్చారు.

కొన్నాళ్ళకు మేస్త్రీ భార్య తలుపు దగ్గర నిలబడి నవ్వింది. "మా ఆయన లేచి కూర్చున్నాడమ్మా. దిండు సరిగ్గా పెట్టలేదని నా మీద ఒంటికాలి మీద లేస్తున్నాడు."

"ఇంకేం, బాగుపడ్డట్టే" అంది అక్క, జాడీ కడుగుతూ.