కొడుకునన్నాడు, కుండ పట్టలేదు

బొగ్గు గని గేటు మీటింగుల్లో మైకు లేకుండా ఆఖరి వరుస దాకా వినబడేలా మాట్లాడినవాణ్ణి నేను. చదివింది ఊరి బడిలోనే అయినా, నా మాట మీద షిఫ్టు షిఫ్టంతా ఆగిపోయిన రోజులున్నాయి. ఎన్నికల ఉపన్యాసాల బడాయి నా దగ్గర చెల్లదు. పాల్వంచ అవతల మా ఊళ్లో ఆ బడాయిని నాకంటే బాగా దించింది మాత్రం, ఒప్పుకోక తప్పదు, మా వాడకట్టు బతుకమ్మ.

పత్తి చేలల్లో కూలి చేసి, భర్త పిచ్చయ్యతో కలిసి రెండెకరాల చెలక సంపాదించిన మనిషి ఆమె. ఒక్కతే కూతురు, రోజారాణి. మొన్నటి ఎన్నికల్లో వెంకటరామారావు అనే అభ్యర్థి ఆమె వాకిట్లో నిలబడి, తన నెత్తి మీద ఆమె చెయ్యి పెట్టించుకుని, మైకులో అన్నాడు: "అమ్మా, నీకు కొడుకు లేడని ఎవరన్నారు? నేనే నీ కొడుకుని!"

జనం చప్పట్లు. ఇటువంటి మాటలు అల్లడానికి వాళ్లు జీతానికి మనుషుల్ని పెట్టుకుంటారట. నాకెవరూ రాసివ్వలేదు.

ఆ వారంలోనే పిచ్చయ్య చనిపోయాడు. నిప్పుకుండ పట్టి పాడె ముందు నడిచేదెవరు? మరిది కొడుకు అనిల్‌కుమార్ అరుగు మీద కూర్చుని బేరం పెట్టాడు.

"చెలక నా పేర రాస్తనంటేనే కుండ పడ్త పెద్దమ్మా. లేకుంటే నీ ఇష్టం."

బతుకమ్మ అతని వైపు చూడనైనా లేదు. "నాకు కొడుకున్నడు. మైకుల చెప్పిండు గదా. ఫోన్ చెయ్యుండ్రి" అంది.

వెంకటరామారావు పూలదండతో, ఫోటోగ్రాఫరుతో వచ్చాడు. శవం మీద దండ వేసి, "ఈ ఇంటి పెద్ద కొడుకుగా..." అని ఉపన్యాసం ఎత్తుకునేసరికి, బతుకమ్మ పొగలు కక్కే కుండను అతని ముందు పెట్టింది.

"పట్టు బిడ్డా. మీ నాయినకు ఆలస్యమైతుంది."

అభ్యర్థి తెల్లచొక్కా సర్దుకుంటూ వెనక్కి జరిగాడు. "కుండ పడితే మైల కదమ్మా... దినాలయ్యేదాకా ప్రచారానికి తిరగకూడదు. ఏదో మాట వరసకి అన్నాను."

"మాట వరసకా? నా ఓటు గూడ గట్లనే ఏస్త తీయ్."

"మా నాయినకు నేను లేనా అమ్మా?" అంటూ రోజారాణి వచ్చి కుండ అందుకుంది. పెద్దలు కొందరు గొణిగారు. నేను గేటు మీటింగు గొంతుతో "నడువుండ్రి!" అన్నాను. నడిచారు. చెలక బతుకమ్మదిగానే మిగిలింది. అనిల్‌కుమార్ దినాల భోజనానికి మాత్రం ముందు వరుసలో కూర్చున్నాడు.

పోలింగు దగ్గర పడ్డాక ప్రచార వ్యాను మళ్లీ మా వాడకు వచ్చింది. ఈసారి కొడుకు ఊసు లేదు. "నేను మీ ఇంటి సేవకుణ్ణి" అంటున్నాడు వెంకటరామారావు.

బతుకమ్మ లోపలికి వెళ్లి చీపురు తెచ్చింది.

"గట్లనా అయ్యా? ఇగో, వాకిలి ఊడ్చిపో."