దేవదూత అంగీ రంగు

మా పక్కింటి హిస్టరీ మేడమ్ ఇక లేరు. పోయిన మంగళవారం పొద్దున ఆమె తమ్ముడి కూతురు గోడ మీదుగా నన్ను కేకేసి, "పెద్దమ్మా, మా ఫుప్పు ఎంత లేపినా పలకడంలే" అన్నది. మేనత్తను ఆ పిల్ల అట్లాగే పిలుస్తుంది. నేను వెళ్లేసరికే చేయి చల్లబడి ఉంది. కళ్లజోడు మాత్రం మడిచి, గుడ్డలో చుట్టి, దిండు పక్కన ఉంది.

మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆమె చరిత్ర చెప్పారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పాను. రిటైరయ్యాక గోడకు అటు ఆమె, ఇటు నేను. నాకు పాలవాడి లెక్కయినా, మనవల మార్కులయినా సరిగ్గా తేలాలి. ఆమెదీ అదే పట్టుదల. కాకపోతే ఆమె లెక్కలు వందల ఏళ్లలో ఉండేవి. కూరగాయల మార్కెట్లో మిరపకాయ చేతిలోకి తీసుకుని, "ఇది మన దేశపుది కాదక్కా, ఓడలెక్కి వచ్చింది" అని మొదలుపెట్టేవారు. అమ్మే ఆమె తక్కెడ పట్టుకుని ఎదురుచూసేది. "యాడ నుంచి వస్తే ఏంది మేడమ్! కిలో ఎయ్యాల్నా, అరకిలో ఎయ్యాల్నా?"

ఆమె పాఠాల్లో పిల్లలు మరిచిపోనిది ఒకటుంది. దేవదూత వచ్చి మరియమ్మకు యేసు పుడతాడని కబురు చెప్పే చిత్రం, ఇటలీలో పాత సన్యాసుల మఠంలో గోడ మీద ఉన్నది. ఆమె పుస్తకంలో దాని ఫొటో అగ్గిపెట్టంత, అదీ నలుపు తెలుపుల్లో. దాన్నే బోర్డు మీద సుద్దతో గీసి, "తెల్లటి నిలువుటంగీ, కొంగ రెక్కల వంటి తెల్ల రెక్కలు" అని కళ్లకు కట్టినట్టు చెప్పేవారట.

ఐరోపా చరిత్ర, చిత్రకళల మీద ఆ మఠం ఉన్న ఫ్లోరెన్సులోనే రెండు వారాల కోర్సు ఉందని, వయసుతో పని లేదని ఎవరో ఆమెకు ఫోనులో చూపించారు. ఆ సాయంత్రమే మా వరండాలోకి వచ్చారు.

"అక్కా, ఇన్నేండ్లు చూడనిదాన్ని చూసినట్టు చెప్పినాను. అది అట్లనే ఉందో లేదో ఒక్కసారి చూసుకోవాల."

"ఈ మోకాళ్లతోనా?"

"నీ మోకాళ్లు బాగుండాయి గదా, నువ్వు కూడా రా."

వెళ్లాం. క్లాసులో అందరూ మా మనవల ఈడు పిల్లలు. ఆమె మొదటి బెంచీ వదిలేవారు కాదు. పాఠం చెప్పే అమ్మాయి బోర్డు తుడవకుండా వెళ్లిపోతే ఈమె లేచి తుడిచేవారు. "తుడిచే ఉద్యోగం కూడా ఇచ్చినారా?" అని నేను ఎత్తిపొడిస్తే, "రేపొచ్చే పాఠానికి చోటుండొద్దా అక్కా" అనేవారు.

తెల్లవారితే తిరుగు ప్రయాణం అనగా ఆ మఠానికి బయల్దేరాం. దాన్ని మధ్యాహ్నానికే మూసేస్తారు. దారిలో చిన్న చర్చి కనబడితే ఒక్క నిమిషమని ఆగాం. మెట్ల దగ్గర ఇద్దరం చెప్పులు విప్పి, వరసగా పెట్టి, మేజోళ్లతో లోపలికి నడిచాం. ఎవరూ విప్పమనలేదు. కాళ్లకు ఉన్న అలవాటు అది. బయటికి వస్తే చెప్పులు లేవు. ఎవరో వదిలేసిన చెత్తనుకుని ఊడ్చే ఆమె బండిలో వేసుకుపోయిందని పక్కన పూలమ్మే ఆవిడ సైగలతో చెప్పింది.

"అదే మన దర్గా కాడయితే ఊర్లో ఎవడో తొడుక్కుంటాండాడని సంతోషపడేవాళ్లం" అని ఆమె పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముందు చెప్పులు కొందాం పదమన్నాను.

"కొనేలోపల మూసేస్తారు. చెప్పులు మార్కాపురంలో దొరకవా?"

వానకు తడిసిన రాతి బాట మీద మేజోళ్లతో నా భుజం పట్టుకుని నడిచారు. మఠంలో మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. పైమెట్టు మీద తలెత్తగానే ఎదురుగా అదే చిత్రం.

తెలుపు కాదు. దేవదూత నిలువుటంగీ లేత గులాబీ రంగు. రెక్కలు రంగురంగుల చారలు.

ఆమె కళ్లజోడు తీసి, గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "నా పిల్లలందరికీ తప్పు చెప్పినానక్కా" అన్నారు. పుస్తకంలో రంగు లేకపోతే నీ తప్పేమిటన్నాను. "తెలియదని చెప్పి ఉండొచ్చు గదా. తెలుపని ఎందుకు చెప్పాల?" చూస్తూ చూస్తూ ఆ ముఖంలో బాధ పోయి ఇంకేదో వచ్చింది. "ఎంత బాగుంది" అని గొణుక్కున్నారు. కాపలా ఆయన గంట మోగించేదాకా కదల్లేదు.

ఊరికి వచ్చాక మొదలైంది ఆమె అసలు పని. పాత విద్యార్థిని ఎవరు కనబడినా వదల్లేదు. బస్టాండులో, బ్యాంకులో, పలకల ఫ్యాక్టరీ గేటు ముందు, ఒకసారి పెళ్లి భోజనాల వరసలో కూడా. "ఏమ్మా, దేవదూత అంగీ తెలుపని చెప్పినానే, కాదు. గులాబీ." కొందరికి ఆ పాఠమే గుర్తులేదు. "పరీక్షలో వస్తాదా మేడమ్?" అని నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆమె చిన్నబుచ్చుకోలేదు. "చెప్పిన నోరే దిద్దాల" అనేవారు.

ఆ మంగళవారం సాయంత్రం అసరు నమాజు తర్వాత ఆమెను తీసుకువెళ్లారు. అందరూ వెళ్లిపోయాక త్రిపురాంతకం నుంచి ఒకామె ఆటో దిగింది. జుట్టు సగం నెరిసింది. ఆలస్యమైందని తెలిసి అరుగు మీద కూలబడి ఏడ్చింది.

"మా మేడమ్ చెప్పింది ఏదీ మర్చిపోలేదు పెద్దమ్మా. ఆ తెల్ల రెక్కల దేవదూత ఇప్పటికీ కండ్ల ముందర ఉండాడు."

ఆ రోజు అట్లాంటి మాట అనాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించాను. మేడమ్ అయితే ఆలోచించేవారు కాదు.

"తెలుపు కాదమ్మా" అన్నాను. "మీ మేడమ్ ఆ దేశం వెళ్లి చూసి వచ్చింది. నువ్వు కనబడి ఉంటే తనే చెప్పేది. అంగీ గులాబీ రంగు. రెక్కలకు చారలు."

ఆమె ఏడుపు ఆపి నా వైపు చూసింది. "లేతదా, ముదురా?"

"లేతది."

కొంగుతో ముఖం తుడుచుకుని కళ్లు మూసుకుంది. వీధిలో పిల్లలు అరుస్తున్నారు, ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూస్తోంది. ఆమె కదలకుండా కూర్చుంది.

"ఆ... ఇప్పుడు కనపడతాండాడు" అన్నది, కళ్లు తెరవకుండానే.