దవడ కొయ్యనివ్వని పిన్నిగారు

మా ఎదురింటి డాక్టరు పిన్నిగారు పోయారని మొన్న ఉదయం అమలాపురం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారట. ఫోన్ పెట్టేశాక చెయ్యి దానంతటదే నా కుడి బుగ్గ మీదకు వెళ్ళింది. ఆ బుగ్గ ఆవిడ నాకు మిగిల్చినది.

పిన్నిగారు పాథాలజిస్టు. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కని పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో చెప్పే డాక్టరు. మా వీధిలో ఆ సంగతి ఎవరికీ అర్థమయ్యేది కాదు. "మందివ్వరు, సూది వెయ్యరు, అదేం డాక్టరమ్మండీ?" అనుకునేవారు. ఆవిడ విని నవ్వేసేవారు. వీధివైపు గదిలోనే ల్యాబు. కాఫీ గ్లాసు కిటికీ అంచున పెట్టి మైక్రోస్కోపు మీదికి వంగితే, అది చల్లారి తొరక కట్టాల్సిందే.

తొంభైల్లో, నేను పదో తరగతిలో ఉండగా, నా పైదవడ కుడివైపు వాచింది. నొప్పి లేదు. ముక్కు పక్కన ఉసిరికాయంత, గట్టిగా. అక్కడ రావలసిన కోరపన్ను రానే లేదు. కాకినాడలో ఒక సర్జనుగారు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే, అమెలోబ్లాస్టోమా అని వచ్చింది. క్యాన్సరు కాదు గానీ ఎముకని తినేస్తూ మళ్ళీ మళ్ళీ పెరిగే గడ్డ. ఆ వైపు దవడ పళ్ళతో సహా తీసెయ్యాలన్నారు. ఇంటికొచ్చి నేను అద్దం ముందు నిలబడి, అరచేత్తో సగం మొహం మూసి చూసుకున్నాను.

నాన్న ఎదురింటికి వెళ్ళి చెప్పారు.

"ఆ స్లైడు అడిగి తీసుకురండి బావగారూ. ఇస్తారండీ," అన్నారు పిన్నిగారు.

తెచ్చిన స్లైడుని ఆవిడ చాలాసేపు చూశారు. తర్వాత అమ్మని పిలిచి, "మీరూ చూడండి అక్కయ్యగారూ," అన్నారు. అమ్మ ఒక కన్ను మూసుకుని వంగింది.

"ఊదారంగులో ఏవో గారెల్లా ఉన్నాయండీ. మధ్యలో చిల్లు కూడానూ."

"ఆయ్, ఆ గారెలేనండీ! వాళ్ళు చెప్పిన గడ్డలో ఇలా ఉండవు. ఇది వేరేదండీ, అరుదు. ఈ వయసు ఆడపిల్లలకి, రాని కోరపన్ను చుట్టూ వస్తుంది. సంచి కట్టుకుని కూర్చుంటుంది. సంచితో సహా తీసేస్తే చాలు. కానీ ఈ ముక్క మరీ చిన్నదండీ. గడ్డంతా చూస్తేగానీ ఒట్టేసి చెప్పలేను."

మర్నాడు ఆవిడే మాతో కాకినాడ బయలుదేరారు. అప్పటికింకా వంతెన లేదు. మురమళ్ళ మీదుగా రేవుకి బస్సు, పంటు మీద గోదావరి దాటి మళ్ళీ బస్సు. సర్జనుగారికి కోపం వచ్చింది.

"రిపోర్టు చేతిలో ఉండగా ఆపరేషను మార్చమంటారేమిటండీ? మీ మాట తప్పయితే?"

"తప్పయితే మళ్ళీ కొయ్యొచ్చండీ. తీసేసిన దవడ మళ్ళీ పెట్టలేం కదండీ. తెరిచి చూడండి. సంచి కనబడకపోతే మీరనుకున్నట్టే చెయ్యండి."

ఆయన ఆ స్లైడు తనూ చూశారు. చూసి, సరేనన్నారు.

గడ్డ సంచితో సహా ఊడి వచ్చింది, లోపల నా కోరపన్నుతో. పిన్నిగారు దాన్ని సీసాలో పెట్టుకుని అమలాపురం తెచ్చి, పూర్తిగా కోసి చూశారు. ఆవిడ మాటే నిజమైంది. ఎడినోమటాయిడ్ ఒడాంటోజెనిక్ ట్యూమర్. వాచిన మూతితో ఆ పేరు నా నోరు తిరిగేదాకా పలికించారు. "నీ గడ్డ పేరు నీకే రాకపోతే ఎలాగే?"

ఆ తర్వాత సర్జనుగారు అనుమానం తగిలిన ప్రతి దవడ గడ్డనీ ఆవిడకే పంపేవారు. దంతవైద్యం చదివే పిల్లలు స్లైడ్లు పట్టుకుని వచ్చేవారు. ఎవరైనా గబుక్కున పేరు చెప్పేస్తే, "చూడగానే తెలిసిపోయిందా? అయితే ఇంకోసారి చూడు," అనేవారు.

నా పెళ్ళిపందిట్లో ఆవిడ నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పారు. "రెండు పక్కలా సమంగానే ఉందండీ అక్కయ్యగారూ!" అని అందరికీ వినబడేలా అన్నారు. అంత గర్వం ఆవిడ మొహంలో నేను ఇంకెప్పుడూ చూడలేదు.

కిందటేడు వెళ్ళేసరికి ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. మైక్రోస్కోపు దగ్గర రాజోలు నుంచి వచ్చిన డాక్టరమ్మాయి కూర్చుని ఉంది. పక్కన కుర్చీలో పిన్నిగారు, కళ్ళు మూసుకుని.

"కణాలు వరసగా నిలబడ్డాయండీ మేడమ్."

"అంచున ఏముంది?"

"సరిగ్గా కనబడట్లేదండీ."

"ఎడమకి జరుపమ్మా. నిదానంగా. నాకేం తొందర లేదు."

ఆ అమ్మాయి స్లైడు జరుపుతోంది. కుర్చీ చేతి మీద పిన్నిగారి వేళ్ళు కూడా కొంచెం కొంచెంగా ఎడమకి కదులుతున్నాయి.