గోల్కొండలో నాలుగు చప్పట్లు

షుజాత్ భాయ్ చెవి ఎంత చురుకైనదో శంషాబాద్ డ్రైవర్లలో ఎవరినడిగినా చెప్తారు. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాది నుంచి టాక్సీ నడుపుతున్నాడు. పక్క బండి స్టార్ట్ చేస్తే చాలు, బానెట్ ఎత్తకుండానే ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. నా బండి రోగాలన్నీ ఆయన చెవికి చిక్కినవే. అలాంటి మనిషికి చెవులే పోవడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

రెండేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. నరం ఎండిపోయింది, మిషన్ పెట్టినా లాభం లేదని దవాఖానలో చెప్పారు. ఆ సంగతి ఆయన భార్య సలేహాకూ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. గెస్టులు ఏమన్నా "జీ సార్" అంటాడు. చలేస్తోంది, ఏసీ తగ్గించమన్నా "జీ సార్", ఇంకా ఎంతసేపన్నా "జీ సార్". వాళ్లు మర్యాద అనుకుంటారు. నాకు ముందు నవ్వొచ్చేది, ఆ వెంటనే ఒళ్లు మండేది. బండి ఆపెయ్యమని ఆయన చెవిలో అరిచి ఎన్నిసార్లు పోట్లాడానో.

"స్టీరింగ్ తప్ప ఇంకేమొస్తది నాకు, దశరథం?" అనేవాడు.

మొన్న ఆగస్టులో నాగపూర్ నుంచి ఎనిమిది మంది కుటుంబం దిగింది. రాత్రి మళ్లీ విమానం. ఈలోగా కోటలు చూపించమన్నారు: పొద్దున భువనగిరి, సాయంత్రం గోల్కొండ. పెద్దవాళ్లు నలుగురూ నా బండిలో, ఇద్దరు చిన్నపిల్లలతో వాళ్ల అమ్మానాన్నలు భాయ్ బండిలో. రాజుల గురించి ఆయన కోసే కోతలకి పిల్లలు ఆయన్ని వదల్లేదు.

భువనగిరి కొండ కింద గెస్టులు దిగాక, నీడ కోసం భాయ్ బండి రివర్స్ చేశాడు. వెనక పల్లీలమ్మే ముసలమ్మ గంప పెట్టుకుని కూర్చుంది. "భాయ్, ఆపు! ఆపు!" అని అరిచాను. ఆమె కూడా అరిచింది. బండి వస్తూనే ఉంది. పరుగెత్తి డిక్కీ మీద రెండు చేతులతో బాదితే అప్పుడు ఆగింది. గంప అంచు నలిగింది. ఆమె మా ఏడు తరాలనూ తిట్టిపోసింది. భాయ్‌కి ఒక్క తిట్టూ వినిపించలేదు, ఆమె నోరు చూసే చెమటలు పట్టాయి.

కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"గోల్కొండల కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిస్సార్ల ఇనబడ్తది గద. ఇయ్యాల నువ్వు కొట్టు. ఎన్ని కొడ్తవో నాకు చెప్పకు. నేను మీదికి పోయి ఇంట. ఇనబడకుంటే తాళంచెవి ఆడనే నీ చేతుల పెడ్త. ఇగ బండి ముట్ట. అల్లా కసం."

తల ఊపాను.

గోల్కొండ చేరేసరికి వాన. జనం పల్చబడ్డారు. గెస్టులు కింది మహళ్లు చూస్తామన్నారు. భాయ్ ఒక్కడే మోకాళ్లు పట్టుకుంటూ మూడొందల చిల్లర మెట్లెక్కాడు. సరిగ్గా ఐదింటికి కొట్టాలనుకున్నాం. చప్పట్లు కొట్టే గుమ్మటం కింద నేను తప్ప ఎవరూ లేరు.

నేను కొట్టలేదు. ఒక్కటి కూడా. రెండేళ్లుగా ఆపెయ్యమని పోట్లాడినవాణ్ణి నేనే. తీరా ఆ తాళంచెవి నా చేతికొస్తుందనేసరికి చేతులు కలవలేదు. ఏడుపు మొహంతో దిగొస్తాడు, నేను కొట్టనే లేదు, నీకెట్ల ఇనబడ్తది అంటాను, ఈ ఒక్క పూటకు ఆ బాధ తప్పుతుంది, రేపు మెల్లగా నచ్చజెప్పొచ్చు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

భాయ్ తడిసి ముద్దయి దిగొచ్చాడు. నవ్వుతున్నాడు. దూరం నుంచే నాలుగు వేళ్లు చూపించాడు.

"నాలుగు! నాలుగు కొట్టినవ్. సాఫ్ ఇనబడ్డయ్!"

అబద్ధమాడాడో, నిజంగానే విన్నాననుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా రోజులైంది.

"నేను కొట్టనే లేదు, భాయ్," అన్నాను.

"చెప్పిన గద!" అని నా భుజం తట్టాడు.

ఇంకోసారి, చెవి దగ్గర గట్టిగా చెప్పాలి. తల తుడుచుకోమని నా రుమాలు ఆయన చేతిలో పెట్టాను. ఆయన తాళంచెవి వేలికి తిప్పుకుంటూ పార్కింగ్ వైపు నడిచాడు. పిల్లలిద్దరూ వానలో కేరింతలు కొడుతూ పరుగెత్తి ఆయన బండిలోనే ఎక్కారు.