రంగయ్య మామను తిట్టలేకపోయిన నాటకం

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం సాయంత్రం మా ఊరి కల్లంలో రెండు ఎద్దుల బండ్లు పక్కపక్కన నిలిపి, పైన చెక్కలు పరిచి నాటకానికి వేదిక కట్టారు. వెనకాల మా అమ్మ ఇచ్చిన దుప్పటే తెర. యుద్ధం రోజులు కదా, కిరసనాయిలు దొరికేది కాదు... పొద్దు గుంకేలోపే నాటకం అయిపోతుందని ముందే చాటింపు వేయించారు.

నాకిప్పుడు తొంభై దాటాయి. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోనులో కొడుతోంది. తప్పులుంటే దానివి... మంచి మాటలుంటే నావి.

మాది మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ ఒక మెట్ట ఊరు. అప్పట్లో కర్నూలు జిల్లా, మద్రాసు రాష్ట్రం. ఊళ్ళో కుర్రాళ్ళంతా కలిసి నాటక సమాజం పెట్టారు. సమాజం అంటే ఏముంది... మీసాలు సరిగా మొలవని పిల్లకాయలు, ఒక పాత హార్మోనియం, గుంటూరు వైపు నుంచి వచ్చిన బడిపంతులు. తాతల కాలం నుంచీ ఊరూరా ఆడుతున్న హాస్యనాటకం ఒకటి ఎంచుకున్నారు. కడుపునిండా తిండి పెట్టని పిసినారి షావుకారు, అతనికి ఎదురు తిరిగే పాలేరు... ఇదీ కథ. పాలేరు వేషం మా అన్నది.

నాయనకు ఈ వేషాలు గిట్టవు. అన్నను పిలిచి ఒకటే మాట అన్నాడు.

"నాటకాన్ని చూసి ఊరు నవ్వితే నవ్వనీ. నిన్ను చూసి నవ్విందనుకో... మళ్ళీ మొగానికి రంగు పూసుకోబాక."

అన్నకు నాటకమంటే ప్రాణం. మార్కాపురం అంటేనే పలకల గనులు, మా వైపు పలకలకేం కరువు... తన మాటలన్నీ పలక మీద రాసుకొని, కొట్టంలో ఎద్దుల ముందు నిలబడి వల్లించేవాడు. "ఏరా పిసినారీ, గంజినీళ్ళు పోసి గొడ్డుచాకిరీ చేయిస్తావట్రా?" అని గద్దిస్తే మా ఎద్దు చెవులాడించేది. నాటకమంతా ఆ మాట కోసమే నడుస్తుంది.

తీరా రేపు నాటకం అనగా షావుకారు వేషగాడికి చలిజ్వరం వచ్చింది. వయసులో ఉండగా ఆ వేషం కట్టిన రంగయ్య మామ "నేను చేస్తాలే" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు... మా అన్న తప్ప.

రంగయ్య మామ మాకు చుట్టం కాదు. మా అమ్మను "అక్కా" అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ. అంతే. మా ఊళ్ళో వరస లేని మనిషి లేడు. అలాంటి మనిషిని పట్టుకొని నలుగురిలో "ఏరా" అనడం ఎలా?

నాటకం మొదలైంది. ఆ ఘట్టం రానే వచ్చింది. అన్న తలగుడ్డ విదిలించి, చెయ్యెత్తి, "ఏ..." అని ఆగిపోయాడు. తెర వెనక నుంచి పంతులుగారు "ఏరా పిసినారీ" అని మెల్లగా అందించారు. అన్న నోరు తెరిచాడు... మూశాడు. ఆయన ఇంకొంచెం గట్టిగా అన్నారు. అయినా లాభం లేకపోయేసరికి కల్లమంతా వినబడేలా అరిచారు.

ముందు కూర్చున్న సుబ్బమ్మవ్వ లేచి నిలబడింది.

"ఎవుర్రా ఆ తెరెనకాల? మా రంగయ్యను ఏరా గీరా అనేది?"

అక్కడక్కడా కిసుక్కుమన్నారు. అది నాటకాన్ని చూసిన నవ్వు కాదని నాకు కూడా తెలిసింది. నాయన నవ్వినవాళ్ళ వైపు తిరిగి చూశాడు. చెమటకు అన్న చెంపల మీద రంగు కారిపోతోంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అన్న చేతులు జోడించి, పుస్తకం భాష వదిలేసి, మా ఊరి మాటలో మొదలుపెట్టాడు.

"మామా, నువ్వు పెద్దోడివి. నిన్ను ఏరా అనేదానికి నాకు నోరు రాలా. కానీ నువ్వు పోసే ఆ గంజేంది మామా? దాంట్లో మెతుకు కావాలంటే ఈతగాణ్ణి దింపాల."

రంగయ్య మామ తడుముకోలేదు. "ఏంది అల్లుడా, మెతుకులుంటే నువ్వు మెతుకులే తింటావు. అంత గంజీ దండగైపోదా?"

కల్లం గొల్లుమంది. సుబ్బమ్మవ్వ నిలబడే ఉండి, "ఇంత పెట్టు రంగయ్యా, బిడ్డ సన్నగిల్లినాడు" అంది. ఇక మామా అల్లుళ్ళను ఆపేవాళ్ళెవరు... పంతులుగారు కూడా పుస్తకం మూసేసి ఇవతలికి వచ్చి, జనంలో కూర్చొని చూశారు. నాయన మాత్రం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో, సిగ్గుపడుతున్నాడో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చి నాయనా అన్నా సంగటి ముందు కూర్చున్నారు. అన్న తలెత్తలేదు. మొహం గట్టిగా రుద్ది కడుక్కున్నాడు కానీ చెవి పక్కన ఇంకా కొంచెం రంగు మిగిలే ఉంది.

"కనిగిరిలో గూడా ఆడతారంటనే?" అన్నాడు నాయన.

"నువ్వు వద్దంటే ఆడను నాయనా."

నాయన ముద్ద మింగి, నీళ్ళు తాగాడు. "ఆడేటప్పుడు ఆ 'మామా' అనే కాడ మార్చబాకండి. అట్లనే ఉంచండి."

అన్న కళ్ళ నీళ్ళు సంగట్లో పడ్డాయి. అమ్మ ఇంకో ముద్ద వేసింది.

ఆ తర్వాత చాలా ఊళ్ళలో ఆడారు. ఏళ్ళు గడిచి, రంగయ్య మామకు చూపు మందగించాక, అన్న పోయి ఆయన పక్కన కూర్చొని కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు నేనూ ఉన్నాను.

"అల్లుడా, ఆ మాట నీ నోట వినకుండానే పోయేటట్టుండా. ఇప్పుడైనా ఒకసారి అను. ఎవురూ లేరులే" అన్నాడు మామ.

అన్న గొంతు సవరించుకున్నాడు. చెయ్యెత్తాడు. "ఏ..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. ముసలివాళ్ళిద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకున్నారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు...

మా అపార్టుమెంటులో పై ఇంటి పిల్లవాడు నన్ను ఆంటీ అంటాడు. వాళ్ళ నాన్న కూడా ఆంటీ అనే అంటాడు. మంచివాళ్ళే పాపం... కానీ వాళ్ళకు నేను ఏమవుతానో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు.

రక్తసంబంధం లేకపోయినా మామా, అత్తా, పెద్దమ్మా అని మీరు నోరారా పిలిచిన మనిషి ఒకరుండే ఉంటారు. ఆ వరస ఎలా కలిసిందో కింద రాయండి... మనవరాలితో చదివించుకుంటాను.