చింతపండుతో తోమిన థాలర్

మొయినాబాద్‌లో మేముండే కిరాయి ఇంట్లో ఇత్తడి గిన్నెలకు చింతపండు రుద్దుతుంటే, ఆ పుల్లటి వాసనకు లేచి వెళ్లి సొరుగు తెరుస్తాను. అందులో కాగితంలో చుట్టిన వెండి నాణెం ఉంటుంది. అది ఆలూరు దేవదానం సార్‌ది.

బడిలో మాకు చరిత్ర చెప్పిన సార్, పాత జర్మన్ రాజ్యాల వెండి నాణేలు సేకరించేవారు. జర్మనీ ఒక్క దేశం కాకముందు ఏ రాజ్యం నాణెం ఆ రాజ్యానిదే. ప్రష్యా, సాక్సనీ, బవేరియా రాజులను బల్ల మీద పరిచి, "దేవుని దయతోటి రాజులమని రాయించుకున్నరు రా వీళ్లు. ఇప్పుడు నా బిస్కెట్ డబ్బాల ఉన్నరు" అని నవ్వేవారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే సార్ నోటే ఆ మాట విన్నాకే నాకు ప్రశ్నించే ధైర్యం వచ్చింది. నాణేలను మాత్రం కడగనిచ్చేవారు కాదు. "ఆ నలుపు మురికి కాదు, దాని వయసు" అనేవారు.

ఒక వానాకాలం సార్ పక్కింటి లచ్చవ్వ మనవడికి జ్వరం ముదిరింది. ఆమె కొడుకు దవాఖానలోనే పోయాడు. అందుకే ఆ గడప తొక్కనంది. సార్ దగ్గరున్న బవేరియా వెండి నాణెం, థాలర్ మీద బిడ్డనెత్తుకున్న మేరీ బొమ్మ ఉందని ఆమెకు తెలుసు.

"సారూ, ఆ బిళ్లను నీళ్లల్ల ముంచి తాపిస్త, జర ఇయ్యి."

అక్కడే ఉన్న నాకు ఒళ్లు మండింది. "వెండితోని జ్వరం తగ్గుతదా అవ్వా?"

"నువ్ సప్పుడు జెయ్యకు బిడ్డా. నీకేం, పిల్లలా జెల్లలా?"

సార్ లోపలికి వెళ్లారు. థాలర్ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు. "నీళ్లల్ల వద్దు లచ్చవ్వా. గట్టిగ పట్టుకొని నా స్కూటర్ ఎక్కు. చేవెళ్ల దవాఖానకు పోదాం. అక్కడ గూడ నీ చేతిలనే ఉంటది."

ఆమె ఎక్కింది. పిల్లవాడు బతికాడు.

నాణెం తిరిగి తెచ్చిన రోజు లచ్చవ్వ ముఖం వెలిగిపోతోంది. చింతపండు, బూడిద పెట్టి తోమింది. నలుపంతా పోయి, రెండోవైపున్న రాజుగారి ముక్కు కూడా అరిగింది. "ఎట్ల మెరుస్తున్నదో చూడు సారూ! గింత మంచిదాన్ని కడగకుండ ఎట్ల పెట్టుకున్నవ్?"

సార్ దాన్ని రెండువైపులా తిప్పి చూశారు. "మంచిగ జేసినవ్ అవ్వా" అన్నారు.

ఆమె వెళ్లగానే నేను అందుకున్నాను. "మూఢనమ్మకానికి తల వంచిన్రు సార్. బిళ్లనే బతికించిందని ఊరంత చెప్తది."

"చెప్పనీ రా. పిల్లగాడున్నడు గదా. పెద్దగైనంక నిజమేందని వాడే అడుగుతడు. అప్పుడు నువ్వు చెప్పు."

ఆ వాదనలో నేను ఇప్పటికీ తగ్గను. తగ్గించడానికి సార్ లేరు. పోయే ముందు థాలర్ నా చేతిలో పెట్టి, అలాగే వేళ్లు మూశారు. నాణేలు తెలిసినవాళ్లు దాన్ని చూసి, తోమి పాడుచేశారని పెదవి విరుస్తారు. ఈమధ్య దాని అంచు వెంట, మేరీ ఒడిలో, మళ్లీ సన్నగా నలుపు కమ్ముతోంది. సార్ లేని కాలం అది. నేను తుడవను.